ఆర్కేడ్ క్యాబినెట్‌కు పెయింటు ఎందుకు వద్దు

ఇంట్లో సొంతంగా ఆర్కేడ్ క్యాబినెట్ కట్టుకునేవాళ్లలో ఒక అభిప్రాయం దాదాపు శాసనంలా పాతుకుపోయింది. ఎం.డి.ఎఫ్. బోర్డు తెచ్చుకోవాలి, కొలతల ప్రకారం కోసుకోవాలి, పెట్టె బిగించాలి, అన్నీ అయ్యాక చివర్లో పెయింటు వేసుకోవాలి. కొత్తగా ఈ పనికి దిగినవాళ్లకు మొదట అందే సలహా ఇదే. దీనికి మూడు కారణాలు చెబుతారు. పెయింటు చౌక. పెయింటు వేయడం ఎవరికైనా చేతనయ్యే పని. పైగా 1980ల నాటి అసలు క్యాబినెట్లకు ఉన్నది పెయింటే కాబట్టి సంప్రదాయమూ అదే. సన్మైకా మాట ఎత్తితే, అది వంటింటి అల్మరాలకూ ఆఫీసు టేబుళ్లకూ వేసేదని కొట్టిపారేస్తారు. ఈ మూడు కారణాల్లో ఒక్కటి కూడా పరీక్షకు నిలవదని నా వాదన. ఇంట్లో కట్టుకునే క్యాబినెట్‌కు, అందులోనూ మన ఇళ్లలో, మన వాతావరణంలో ఏళ్ల తరబడి నిలవాల్సిన క్యాబినెట్‌కు, సన్మైకాయే సరైన పైపొర. ఆ నిర్ణయం చివర్లో తీసుకునేది కూడా కాదు. ఏ బోర్డు కొనాలి, గాడి ఎక్కడ తీయాలి, ఏ పని ముందు ఏ పని వెనక అన్నది తేల్చేది పైపొరే కనుక, మొదటి రోజే తేలాల్సిన విషయం అది.

అసలు ఈ పెట్టె పైభాగం ఏమేం తట్టుకోవాలో ముందు చూద్దాం. నిలువు క్యాబినెట్ అంటే సుమారు ఆరడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు ఉండే పెట్టె. ఇద్దరు పిల్లలు పక్కపక్కన నిలబడి ఆడుతుంటే మోచేతులు పక్క పలకలకు రాసుకుంటాయి. మణికట్లు కంట్రోల్ ప్యానెల్ అంచు మీద గంటల తరబడి ఆనుతాయి. చెమట, తలనూనె, చిరుతిళ్ల జిడ్డు అంటుతూనే ఉంటాయి. మనవైపు ‘ముస్తఫా గేమ్’ అని పేరుపడ్డ, 1993లో క్యాప్‌కామ్ విడుదల చేసిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ లాంటి ఆట పెడితే, బటన్ల మీద పడే దెబ్బలు ఎలా ఉంటాయో వీడియో గేమ్ పార్లర్లలో నిలబడినవాళ్లందరికీ తెలుసు. కింద కాళ్లు తగులుతాయి, చెప్పులు తగులుతాయి. గోడకు తగిలించిన బొమ్మకు లేని కష్టం ఇది. కాబట్టి పైపొరను అది కొత్తగా ఉన్నరోజు ఎంత మెరుస్తుందన్న కొలతతో ఎంచకూడదు. రాపిడికి, చెమటకు, తేమకు ఎలా నిలుస్తుంది, కట్టేవాడికి ఉన్న నైపుణ్యంతో ఎంత బాగా వస్తుంది అన్నవే అసలు కొలతలు.

పెయింటు సులువన్న మాటను ముందుగా తీసుకుందాం. డబ్బా మూత తీసి రోలర్ తిప్పడం సులువే. కానీ ఎం.డి.ఎఫ్. మీద పెయింటు నున్నగా నిలవడానికి అంతకుముందు చేయాల్సిన పని చాలా ఉంది. ఎం.డి.ఎఫ్. చెక్కపీచును జిగురుతో కలిపి ఒత్తిన బోర్డు. దాని పైముఖం గట్టిగా, నున్నగా ఉంటుంది. కోసిన అంచు మాత్రం పీచు తేలి, మొదటి కోటును అక్కడికక్కడే తాగేస్తుంది. అందుకే అంచులకు విడిగా సీలర్ పట్టించాలి. ఆ తడికి లేచిన పీచును ఉప్పు కాగితంతో రుద్దాలి. తర్వాత ప్రైమర్, దొప్పలు పడ్డచోట లప్పం, మళ్లీ రుద్దడం, మళ్లీ ప్రైమర్. ఆ పైన రంగు రెండు మూడు కోట్లు, కోటుకూ కోటుకూ మధ్య సన్న కాగితంతో రుద్దడం. ఇందులో ఏ ఒక్క మెట్టు దాటేసినా చివరి కోటు దాన్ని బయటపెడుతుంది. పక్క పలక ఒక్కొక్కటి పదిహేను చదరపు అడుగుల చదునైన తలం. ట్యూబ్‌లైటు వెలుతురు ఏటవాలుగా పడినప్పుడు ఆ తలం మీద రోలర్ గరుకు, కుంచె గీత, ఎండేలోగా వాలిన దుమ్ము అన్నీ కళ్లకు కడతాయి. పెద్ద చదునైన తలానికి లోపం కనపడకుండా పెయింటు వేయడం పెయింటర్ల వృత్తిలోనే కష్టమైన పనుల్లో ఒకటి. మొదటిసారి క్యాబినెట్ కడుతున్నవాడికి దాన్ని సులువైన దారిగా చూపించడం అన్యాయం.

ఆరబెట్టడం ఇంకో సమస్య. నూనె ఎనామెల్ ముట్టుకుంటే అంటుకోని స్థితికి కొన్ని గంటల్లో వస్తుంది. పూర్తిగా గట్టిపడాలంటే వారాలు పడుతుంది. ఆ తేడా తెలియక నాలుగో రోజే వినైల్ బొమ్మ అంటిస్తే, లోపలి నుంచి ఇంకా వెలువడుతున్న ద్రావకపు ఆవిరికి స్టిక్కరు కింద బొబ్బలు లేస్తాయి. స్టిక్కరు సరిచేద్దామని లాగితే దానితోపాటు పెయింటు పెచ్చు కూడా ఊడివస్తుంది. మన వానాకాలంలో ఈ కష్టం రెట్టింపవుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజు ఎన్.సి. లక్కర్ కొడితే తలం మీద తెల్లటి మసక కమ్ముతుంది. ఎనామెల్ ఆరడం మందగిస్తుంది, ఆ ఆలస్యంలో దుమ్ము పడుతుంది. వీటికి పరిష్కారంగా రెండు భాగాల పి.యు. పెయింటు స్ప్రే చేయించమంటారు. అది నిజంగా గట్టి పూత, సందేహం లేదు. కానీ దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు హాని చేసేవి, ఉబ్బసం తెచ్చిపెట్టగలవి. తగిన మాస్కు, గాలి లాగే ఏర్పాటు ఉన్న స్ప్రే షాపులో చేయాల్సిన పనిని ఇంటి వరండాలో, పిల్లలున్నచోట చేయమనడం బాధ్యతలేని సలహా. షాపుకు పంపితే పని బాగానే వస్తుంది గానీ, అప్పుడు చౌక అన్న మాట, సొంతంగా చేసుకున్నామన్న మాట రెండూ పోతాయి.

ఖర్చు లెక్కలోనూ ఇదే పొరపాటు జరుగుతోంది. పెయింటు డబ్బా ధరను సన్మైకా షీటు ధరతో పోల్చి తీర్పు చెప్పేస్తారు. సరైన లెక్కలో డబ్బా ఒక్కటే ఉండదు. సీలర్, ప్రైమర్, లప్పం, రకరకాల ఉప్పు కాగితాలు, రోలర్లు, టర్పెంటైన్, పైన క్లియర్ కోటు, వీటన్నిటికీ మించి మనిషి పని దినాలు చేరాలి. సన్మైకా వైపు చూడండి. షీటు ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు. ఒక షీటులో ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పుతో ఒక పక్క పలకకు సరిపడా ముక్క వస్తుంది. అదే షీటులో రెండున్నర అడుగులకు రెండడుగుల ముక్క ఒకటి, ఒకటిన్నర అడుగు వెడల్పున పొడవాటి పట్టీ ఒకటి మిగులుతాయి. అంటే రెండు షీట్లు కొంటే రెండు పక్కలు పూర్తవుతాయి, ముందువైపు కింది తలుపుకు మిగులు ముక్క చాలుతుంది, చిన్నాచితకా పలకలకు పట్టీలు పనికొస్తాయి. పైన ఇంకేమీ పూయక్కర్లేదు. అతికిన మర్నాడు అంచులు ట్రిమ్ చేస్తే ఆ తలం పని అక్కడితో ముగిసింది. రోజుల తరబడి రుద్దే పనిని ఒక సాయంత్రంగా కుదించే వస్తువును ఖరీదైనదని ఎలా అనగలం?

ఇక సంప్రదాయం మాట. పాత క్యాబినెట్లన్నీ పెయింటుతోనే వచ్చాయన్నది చరిత్ర తెలియని మాట. 1971లో వచ్చిన, నాణెం వేసి ఆడే తొలి వాణిజ్య వీడియో గేమ్ కంప్యూటర్ స్పేస్ పెట్టె అసలు చెక్కే కాదు, ఫైబర్‌గ్లాసు. 1980లో అమెరికాలో మిడ్‌వే తయారుచేసిన పాక్‌మ్యాన్ క్యాబినెట్ పసుపు పెయింటుదే, పక్కల బొమ్మలు స్టెన్సిల్ పెట్టి వేసినవే. కానీ అది ఫ్యాక్టరీ పద్ధతి. ఒకే బొమ్మను వేల పెట్టెల మీద వేయాల్సినచోట స్టెన్సిలూ స్ప్రేగన్నూ లాభసాటి. ఆ పెట్టెలు నాణేలు సంపాదించే యంత్రాలు. ఆట పాతబడితే పక్కకు తోయడానికో, వేరే ఆట ఎక్కించడానికో సిద్ధంగా ఉన్నవి. రంగుల విషయంలోనూ అంత పవిత్రత ఏమీ లేదు. 1981 నాటి డాంకీ కాంగ్ మొదటి క్యాబినెట్లు ఎర్రవి. అమెరికాలో అమ్ముడుపోక గోదాములో మిగిలిన రాడార్ స్కోప్ యంత్రాలను, దాదాపు 2000 దాకా, నింటెండో డాంకీ కాంగ్‌గా మార్చింది; పాత పెట్టె రంగు అలాగే ఉండిపోయింది. తర్వాత తయారైనవి నీలం. ఈనాడు సేకరణకర్తలు అపురూపంగా చూసే ఆ ఎరుపు మిగులు సరుకు వల్ల వచ్చిన రంగు. ఆనాటి తయారీదారులు తమ చేతిలో ఉన్న వస్తువుతో, తమ అవసరానికి తగిన దారి ఎంచుకున్నారు. వాళ్ల నుంచి నేర్చుకోవాల్సింది ఆ వివేకం. వాళ్ల పెయింటును ఇంట్లో అరకొర పనిముట్లతో అనుకరించడం కాదు.

సన్మైకా అని మనం పిలిచే లామినేటు వంటింటి వస్తువుగా పుట్టలేదు. 1912-13 ప్రాంతంలో అమెరికాలో ఫార్మైకా పేరుతో మొదలైన ఈ పదార్థం మొదటి పని విద్యుత్ పరికరాల్లో అభ్రకానికి బదులుగా ఇన్సులేషన్ ఇవ్వడం. ఫినాలిక్ రెసిన్‌లో నానిన క్రాఫ్ట్ కాగితం పొరలు, వాటిపైన మెలమిన్ రెసిన్ పట్టించిన రంగు కాగితం. వీటిని 120 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడిలో, గొప్ప ఒత్తిడి కింద కలిపి ఒకే గట్టి పలకగా మారుస్తారు. పెయింటు మన ఇంట్లో, మన చేతుల్లో, మన వాతావరణం దయ మీద గట్టిపడాలి. లామినేటు గట్టిపడటం ఫ్యాక్టరీలోనే అయిపోయింది. గోటిగీతకు, చెమటకు, తడిగుడ్డతో రోజూ తుడవడానికి అది తట్టుకుంటుంది. మన ఊళ్లలో దాదాపు ప్రతి హార్డ్‌వేర్ షాపులో క్యాటలాగు దొరుకుతుంది, దాన్ని అతకడం తెలిసిన వడ్రంగి దొరుకుతాడు. ఇంత అందుబాటులో ఉన్న నైపుణ్యాన్ని పక్కనపెట్టి, అందుబాటులో లేని స్ప్రే బూత్ గురించి బాధపడటంలో అర్థం లేదు.

పైగా ఆర్కేడ్ క్యాబినెట్ ఆకారం లామినేటుకు పుట్టుకతోనే అనువైనది. ఈ పెట్టెలో వంపులన్నీ పక్క పలక అంచు గీతలోనే ఉంటాయి; పలక ముఖం మాత్రం పూర్తిగా చదును. వంపు తిరిగిన గీత వెంట కోసిన పలకకు షీటు అతికి, బేరింగ్ ఉన్న బిట్ పెట్టి ట్రిమ్మర్ తిప్పితే ఎంత వంపైనా గీత వెంటే తెగుతుంది. అల్మరా చేసేటప్పుడు సన్మైకా మీద వచ్చే ఫిర్యాదు ఒకటుంది: అంచున షీటు మందం ముదురు గోధుమరంగు గీతలా కనిపిస్తుందని. ఆర్కేడ్ క్యాబినెట్‌లో ఆ అంచును టీ-మోల్డింగ్, అంటే తోకను అంచులోని గాడిలోకి దించి బిగించే టీ ఆకారపు పట్టీ, కప్పేస్తుంది. కొలతలు కూడా కలిసివస్తాయి. ముప్పావు అంగుళం టీ-మోల్డింగ్ వెడల్పు 19.05 మిల్లీమీటర్లు. ఉత్త 18 మిల్లీమీటర్ల బోర్డుకు దాన్ని బిగిస్తే సుమారు మిల్లీమీటరు మేర అంచు దాటి బయటికి వస్తుంది. బట్టలకూ చేతులకూ తగులుకుంటుంది. అదే బోర్డుకు బయటివైపు ఒక మిల్లీమీటరు సన్మైకా వేస్తే మందం 19 అవుతుంది, మోల్డింగ్ అచ్చంగా కూర్చుంటుంది.

పైపొర మొదటి నిర్ణయం కావాలని నేననడానికి కారణం ఇక్కడే ఉంది. టీ-మోల్డింగ్ తోక దిగే గాడిని బోర్డు మందానికి సరిగ్గా మధ్యలో తీయాలి. సన్మైకా వేయకముందే 18 మిల్లీమీటర్ల బోర్డుకు మధ్యలో, అంటే 9 మిల్లీమీటర్ల దగ్గర, గాడి తీసి ఆ తర్వాత షీటు అతికారనుకోండి. గాడి ఇప్పుడు బయటి ముఖం నుంచి 10 మిల్లీమీటర్ల దూరానికి జరిగింది. మోల్డింగ్ బయటి ముఖానికి అర మిల్లీమీటరు లోపలే ఆగిపోతుంది, కప్పాల్సిన గోధుమరంగు గీత సగం బయటపడుతుంది, లోపలివైపు మోల్డింగ్ అంతే మేర పొడుచుకొస్తుంది. షీటు ముందు అతికి, ట్రిమ్ చేసి, ఆ తర్వాత 9.5 దగ్గర గాడి తీస్తే ఈ బాధ ఉండదు. బోర్డు ఎంపిక కూడా అంతే. పెయింటు వర్గం ఎం.డి.ఎఫ్.నే కొనమనడానికి కారణం ప్లైవుడ్ రేకల గీతలు పెయింటులోంచి కనిపించడం. లామినేటు కింద ఆ గీతలు కనిపించవు కాబట్టి ప్లైవుడ్ వాడుకోవచ్చు. 18 మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్. పూర్తి షీటు సుమారు 40 కిలోల బరువు. అంచున స్క్రూ బిగిస్తే చీలే గుణం ఉన్నది. ప్లై స్క్రూను గట్టిగా పట్టుకుంటుంది, తేమకు మేలుగా నిలుస్తుంది. పైపొర మారితే పెట్టె మొత్తమే మెరుగుపడుతుందన్నమాట.

తేమ సంగతి మనకు ప్రత్యేకం. పెయింటు సలహా పుట్టింది ఎక్కువగా అమెరికా ఇళ్ల బేస్‌మెంట్లలో, గరాజుల్లో. మన ఇళ్లలో గచ్చు మీద రోజూ తడిగుడ్డ పెడతారు. విశాఖపట్నం, కాకినాడ లాంటి తీరప్రాంతపు ఊళ్లలో గాలే సగం తడి. పెయింటు వేసిన ఎం.డి.ఎఫ్. క్యాబినెట్ అడుగు అంచు ఆ నీటిని పీల్చి ఉబ్బుతుంది, పూత పగులుతుంది, ఒకసారి ఉబ్బిన ఎం.డి.ఎఫ్. మళ్లీ యథాస్థితికి రాదు. లామినేటు వేసినంత మాత్రాన అడుగు అంచుకు రక్ష దొరకదన్నది కూడా నిజమే. అక్కడ అంచును సీల్ చేయాలి, కింద బుష్‌లో చక్రాలో పెట్టి పెట్టెను నేలకు అంటకుండా ఎత్తాలి. కానీ మోకాలి ఎత్తు వరకు పడే చిందులను, తుడుపును లామినేటు లెక్కచేయదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. బోర్డుకు ఒకవైపే షీటు వేస్తే రెండు ముఖాలూ తేమను వేర్వేరుగా పీల్చి బోర్డు వంగవచ్చు. పక్క పలకలు లోపలి అడ్డచెక్కలకు బిగిసి ఉంటాయి కనుక లోపలివైపు రెండు కోట్ల ప్రైమర్ వేస్తే సరిపోతుంది. కబ్జాలకు వేలాడే వెనక తలుపుకు మాత్రం రెండువైపులా షీటు వేయాలి.

ఇప్పుడు అభ్యంతరాలకు వద్దాం. మొదటిది, కావలసిన బొమ్మలు లామినేటులో రావని. బొమ్మ కోసం వినైల్ ప్రింట్ ఎలాగూ వేయిస్తారు; పెయింటు మీద అంటించినా, లామినేటు మీద అంటించినా బొమ్మ ఒకటే. తేడా అల్లా అడుగున ఉన్న తలంలో. లామినేటు తలం నున్నగా ఉంటుంది, ఆవిరి వదలదు, స్టిక్కరు మార్చాలనుకుంటే పెచ్చులు ఊడకుండా తీయనిస్తుంది. బొమ్మ అంటించేచోట గరుకు టెక్స్‌చర్ షీటు ఎంచకుండా ఉంటే చాలు. తెర చుట్టూ మెరిసే గ్లాసీ షీటు వద్దు, ప్రతిబింబాలు కళ్లను ఇబ్బంది పెడతాయి. అక్కడ నల్ల మ్యాట్ మేలు. రెండో అభ్యంతరం, మరి నేరుగా బోర్డు మీదే వినైల్ చుట్టేయవచ్చు కదా అని. పలచటి వినైల్ కింద బోర్డు మీది ప్రతి దొప్ప, ప్రతి స్క్రూ తల బయటికి కనిపిస్తుంది; అంచుల దగ్గర కాలక్రమంలో కుంచించుకుపోయి లేస్తుంది. మూడోది, జిగురు పట్టాక సవరించే వీలు లేదని. రబ్బరు జిగురుకు ఆ గుణం ఉన్నమాట నిజం. దాని ఆవిరి మంటకు అంటుకునేది కూడా. కానీ మన వడ్రంగులు తరచూ వాడే తెల్ల ఫెవికాల్‌కు ఆ తొందర లేదు. షీటు పరిచి, జరిపి, సరిచూసుకుని, టేపు వేసి, సమంగా బరువు పెట్టి రాత్రంతా వదిలేయవచ్చు.

నాలుగో అభ్యంతరం వీటన్నిటికన్నా బలమైనది: పెయింటు గీతపడితే మళ్లీ వేసుకోవచ్చు, లామినేటు ముక్క ఎగిరిపోతే అతుకు పడదు అని. ఇది ఒప్పుకోవాల్సిందే. అయితే ఏది ఎంత తరచుగా దెబ్బతింటుందన్నది కూడా లెక్కలోకి రావాలి. కంట్రోల్ ప్యానెల్‌నే దగ్గరగా చూడండి. 30 మిల్లీమీటర్ల బటన్ కోసం తొలిచిన రంధ్రం చుట్టూ నట్టు బిగించగానే, బటన్ అంచు కింద నలిగిన పెయింటు మొదటి వారంలోనే చిట్లుతుంది. అక్కడి నుంచి చెమట లోపలికి దిగుతుంది, పూత చుట్టూ వలయంలా లేస్తుంది. అందుకే పెయింటు వర్గం వాళ్లే ఆ ప్యానెల్ మీద పాలీకార్బొనేటు ఓవర్‌లేనో, ప్లెక్సీగ్లాసో పరచమంటారు. తమ పూత చేతుల కింద నిలవదని ఆ సలహాతో వాళ్లే ఒప్పుకుంటున్నారు. లామినేటు వేసిన ప్యానెల్‌కు, రంధ్రం గీత మీద టేపు అంటించి, కింద వృథా చెక్క ఆనించి, పైముఖం నుంచి పదునైన బిట్‌తో తొలిస్తే అంచు శుభ్రంగా వస్తుంది, నట్టు ఒత్తిడికి చలించదు. అరుదుగా దెబ్బతిని అతుకు పడనిది, తరచుగా దెబ్బతిని ప్రతిసారీ అతుకు కనపడేలా పూయించుకునేదానికన్నా మేలు. మ్యాచ్ కాని టచప్ మచ్చ కూడా మచ్చే.

పెయింటుకు న్యాయమైన చోటు లేదని నేననడం లేదు. స్టెన్సిల్ బొమ్మలున్న అసలు క్యాబినెట్‌ను బాగుచేస్తుంటే దానికి పెయింటే వేయాలి. అక్కడ పని పాతదాన్ని నిలబెట్టడం. ఇనుప కాయిన్ డోరుకు పౌడర్ కోటింగ్ సరైనది. పెట్టె లోపలివైపుకు ప్రైమర్, చవక ఎనామెల్ చాలు. స్ప్రే షాపు నడిపేవాళ్లకు పెయింటు చేతిలో పని. కానీ వీటిలో ఏదీ, ఇంట్లో రెండు మూడు పనిముట్లతో మొదటి క్యాబినెట్ కడుతున్న మనిషి పరిస్థితి కాదు. ఆ మనిషికి పెయింటు వేయమని చెప్పడం అంటే కష్టమైన దారిని సులువని, ఎక్కువ ఖర్చును తక్కువని, పాత ఫ్యాక్టరీ అవసరాన్ని సంప్రదాయమని నమ్మించడమే. బోర్డు కోయకముందే సన్మైకా షాపుకు వెళ్లండి. క్యాటలాగులోంచి ఒక మిల్లీమీటరు మందం ఉన్న షీటు ఎంచుకోండి. కొలతలన్నీ ఆ మందాన్ని కలుపుకుని కాగితం మీద రాసుకోండి. రంపం ఆ తర్వాతే పట్టండి.